సాంకేతిక ఉద్యోగానికి మనిషిని ఎంచుకునేటప్పుడు పట్టా, పనితనం, ఇంగితం: దేనికి ఎంత విలువ ఇవ్వాలి?

ఉదయసముద్రం (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలో మేము ఇద్దరు భాగస్వాములం కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయం నడుపుతున్నాము. రైసు మిల్లుల్లోను, పత్తి జిన్నింగ్ మిల్లుల్లోను లారీలను తూచే వేబ్రిడ్జి కాంటాను కంప్యూటర్‌కు కలిపి, తూకం చీటీ మొదలుకొని బిల్లు వరకు ఒకే చోట తయారయ్యేలా చేయడం మా పని. ఈ మధ్య రెండు ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చాము. దరఖాస్తు చేసినవారిలో బీటెక్ చదివినవారే ఎక్కువ. చాలామంది తమ ప్రాజెక్టుగా చూపినది విద్యార్థుల హాజరు నమోదో, గ్రంథాలయ పుస్తకాల నిర్వహణో. వివరణలోని వాక్యాలు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఆ కాగితాలను బట్టి ఎవరికి పని వచ్చో, ఎవరికి రాదో తేల్చే ఆధారం మాకు దొరకలేదు కనుక, అందరినీ కార్యాలయానికి పిలిచి మా రోజువారీ పనిలోంచే ఒక చిన్న లెక్క ఇచ్చాము.

కొన్ని తూకం చీటీలు ఇచ్చి, ఒక్కొక్క లారీలో వచ్చిన సరుకు నికర బరువు చూపే ప్రోగ్రాం రాయమన్నాము. వాటిలో ఒక చీటీ మీద నిండు బరువు 9,420 కిలోలు, ఖాళీ బరువు 24,850 కిలోలు, వడ్ల బస్తాలు 380 అని ఉంది. ఎక్కువమంది రాసిన ప్రోగ్రాం ఆ లారీకి నికర బరువు మైనస్ 15,430 కిలోలని చూపించి తర్వాతి చీటీకి వెళ్లిపోయింది. కొందరు ఆ చీటీని చెల్లదని పక్కకు నెట్టారు. ఒక డిప్లొమా అమ్మాయి మాత్రం కాగితం మీద లెక్క వేసింది. బస్తాకు 40 కిలోల చొప్పున 380 బస్తాలకు 15,200 కిలోలు, గోనె సంచి ఒక్కొక్కటి దాదాపు 600 గ్రాములు అనుకుంటే మరో 228 కిలోలు, వెరసి 15,428 కిలోలు వస్తున్నాయి కాబట్టి తూకం సరిగానే ఉందని, రెండు అంకెలు ఒకదాని గడిలో మరొకటి పడ్డాయని చెప్పింది. అంతటితో ఆగకుండా, దీన్ని ప్రోగ్రామే దానంతట అది సరిచేయాలా, లేక కాంటా గుమాస్తాకు చూపించి అతని చేతనే దిద్దించాలా, రైతు చేతికి అప్పటికే చీటీ వెళ్లిపోయి ఉంటే ఎలా అని మమ్మల్ని అడిగింది.

ఆమె రాసిన ప్రోగ్రాం అంత చక్కగా లేదన్నది కూడా చెప్పాలి. ఒకే లెక్కను మూడు చోట్ల తిరిగి రాసింది. మైనస్ బరువు చూపించిన ఒక బీటెక్ అబ్బాయి ప్రోగ్రాం చూడముచ్చటగా, భాగాలు భాగాలుగా, తర్వాత మార్చుకోవడానికి వీలుగా ఉంది. మా భాగస్వామి ఆ అబ్బాయిని తీసుకోవాలంటున్నారు. చీటీ సంగతి ఒక్కసారి చెబితే తెలిసిపోతుందని, ప్రోగ్రాం రాసే క్రమశిక్షణ మాత్రం ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తుందని ఆయన వాదన. నాకు దీనికి విరుద్ధంగా తోస్తోంది. ప్రోగ్రాం పొందికగా రాయడం మేము ఆరు నెలల్లో నేర్పగలము. అంకె కనబడగానే దాని వెనుక లారీని, బస్తాలను, రైతును చూడటం నేర్పగలమన్న నమ్మకం నాకు లేదు. అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పగలరని కోరుతున్నాను.

సంస్థానం మాస్టారు (వనపర్తి)

వనపర్తి రాజావారి కోటలోనే పాలిటెక్నిక్ నడిచే ఊరు మాది కాబట్టి, డిప్లొమా చదువు మీద నాకు గౌరవం ఎక్కువని ముందుగానే చెప్పుకుంటాను. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరే పిల్లలు పదహారేళ్లకే వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకుంటారు. తమ చేతిలోని ఇనుప ముక్క చెప్పిన కొలతకు రాకపోతే అది ఎదురుగానే కనిపిస్తుంది. కొలత తప్పిన ముక్కను మాటలతో ఒప్పించే అవకాశం లేదు. ఇంజనీరింగ్ కళాశాలల్లో చాలా చోట్ల ప్రయోగశాల అంటే రికార్డు పుస్తకం నింపడంగా మిగిలిపోయింది. చివరి సంవత్సరం ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కుని రావడం ఎంత మామూలైపోయిందంటే, దాన్ని తప్పుగా భావించే తల్లిదండ్రులు కూడా ఇప్పుడు అరుదు. మీకు వచ్చిన దరఖాస్తుల్లో ఒకే ప్రాజెక్టు కనిపించడానికి కారణం ఇదే.

అయినా ఇంగితం ఒక్కటే చాలుననే మాటతో నేను ఏకీభవించను. మీ జిల్లా పేరుతోనే ప్రపంచమంతా తెలిసిన ఒక పద్ధతిని చూడండి. నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. మూడూ బజారులో దొరికేవే. బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, వడకట్టుకోవచ్చు. చూసినవారికి ఇది వంటింటి తెలివిలాగే అనిపిస్తుంది. కాని పటిక వేస్తే నీటి ఆమ్లగుణం పెరుగుతుందని, అందుకే సున్నం తోడు కావాలని, ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌తో పాటు క్షారగుణం మీద కూడా ఆధారపడుతుందని రసాయన శాస్త్రం చదవనిదే తెలియదు. ఒక ఊరికి సరిపోయిన మోతాదు పక్క ఊరి బావికి సరిపోదు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట ఒకటిన్నర వరకు సహించవచ్చు. ఆ తేడాను కంటితో చూసి, నాలుకతో రుచి చూసి చెప్పగలిగేవారు ఎవరూ లేరు.

అదే సమయంలో, సామగ్రి ఏ ఊరి అంగట్లోనైనా దొరికేదై ఉండాలని, కరెంటు లేని ఇంట్లో కూడా సాగాలని ఎవరో ఒకరు ముందుగా ఆలోచించబట్టే అది మన పల్లెల దాకా వచ్చింది. చదువూ, ఆ ఆలోచనా ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదు. మీ దగ్గర రెండు ఖాళీలు ఉన్నాయంటున్నారు కనుక ఇద్దరినీ తీసుకుని పక్కపక్కన కూర్చోబెట్టవచ్చు కదా అని నా సలహా.

వాడపల్లి (మిర్యాలగూడ)

నేను మిల్లుల్లో సార్టెక్స్ యంత్రాల మరమ్మతు చూసే మనిషిని. తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. బియ్యం ఏటవాలు పలక మీది నుంచి సన్నని ధారలుగా జారుతుంటే, కెమెరాలు ఒక్కొక్క గింజను చూస్తాయి. నల్ల మచ్చ ఉన్నదో, పసుపు తిరిగినదో కనిపించిన క్షణంలోనే కింద ఉన్న నాజిల్ గాలిని ఊది ఆ గింజను పక్కకు తోసేస్తుంది. ఇదంతా రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో జరుగుతుంది. ఎంత మచ్చ ఉంటే తోయాలన్నది తెర మీద అంకెలు మార్చి నిర్ణయిస్తారు.

సీజనులో ఒక మిల్లులో మంచి గింజలు కూడా మచ్చ గింజలతో కలిసి పోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీరు ల్యాప్‌టాప్ కలిపి మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆ అంకెలు మారుస్తూనే ఉన్నాడు. అంకె తగ్గిస్తే మచ్చ గింజలు మంచి బియ్యంలోకి వస్తున్నాయి, పెంచితే మంచివి పోతున్నాయి. యంత్రం దగ్గర రోజూ ఉండే ఆపరేటర్ చివరికి లైటు ఆపించి, కెమెరా ముందున్న అద్దం మీద వేలితో గీసి చూపించాడు. తవుడు పొర పట్టి ఉంది. దాన్ని తుడిచే వైపర్ రబ్బరు ఒక మూల అరిగిపోయింది. రబ్బరు మార్చి, పాత అంకెలే తిరిగి పెడితే యంత్రం మామూలుగా నడిచింది.

ఆ ఇంజనీరు తెలివితక్కువవాడు కాడు. అతనికి నేర్పిన చదువంతా తెర వెనుక ఉంది కాబట్టి అతను తెరలోనే వెతికాడు. నేను ఎవరినైనా పనిలోకి తీసుకునే ముందు, పాడైన యంత్రం దగ్గరికి తీసుకువెళ్లి ఏమీ చెప్పకుండా పక్కన నిలబడతాను. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, నడిపేవారితో మాట్లాడి, ఎప్పటి నుంచి ఇలా ఉంది, అంతకు ముందు ఏమి మార్చారు అని అడిగేవారిని తీసుకుంటాను. వచ్చీ రావడంతోనే పానాయో, కీబోర్డో పట్టుకునేవారిని తీసుకోను. ఉదయసముద్రం గారు ఆ అమ్మాయిని వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. ఉదయసముద్రం గారి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. అయితే ఇంగితమనే మాటను మనం ఇంత ధీమాగా వాడటం నన్ను కలవరపెడుతోంది.

ఆ అమ్మాయికి గోనె సంచి బరువు ఎలా తెలిసింది? ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర తన ఇంటివాళ్ల వడ్లు కాంటా అయ్యేదాకా రాత్రంతా కుప్ప పక్కన కూర్చుని ఉంటుంది. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరని, సంచికని కొంత, తరుగని కొంత తీస్తారని ఆమె ఇంట్లో ప్రతి యాసంగిలో మాట్లాడుకుని ఉంటారు. కాబట్టి ఆమె చూపినది ఆమె చూసిన పని తాలూకు జ్ఞానం. ఆ బీటెక్ అబ్బాయి తండ్రి బస్సు కండక్టరో, బడిపంతులో అయితే అతనికి అది తెలిసే దారి లేదు. ఇదే అబ్బాయికి టికెట్ల లెక్క ఇచ్చి ఉంటే తప్పు ఎక్కడుందో అతను మొదట పట్టుకునేవాడేమో.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. చదువు ముగించిన కొత్తలో నేను వెళ్లిన ఒక ముఖాముఖిలో, విమానాశ్రయంలో సామాను పెట్టెలు ప్రయాణికుల చేతికి చేరే విధానాన్ని పరీక్షించాలంటే ఏమేమి చూస్తావని అడిగారు. నేను అప్పటికి విమానాశ్రయం లోపలికి అడుగుపెట్టలేదు. సామాను ఒక పట్టీ మీద తిరుగుతూ వస్తుందని, ఎవరి పెట్టె వారు గుర్తుపట్టి తీసుకుంటారని నాకు తెలియదు. ఇంత సాధారణ విషయం కూడా తెలియకపోతే ఎలాగని నా ముందే అనుకున్నారు. అక్కడ వారు నా ఇంగితాన్ని కొలిచామనుకున్నారు. నిజానికి కొలిచినది మా ఇంటి ఆదాయాన్ని. మన పాలమూరు యాసను బట్టి, ఊరి పేరును బట్టి, ఇంగ్లీషు వాక్యం తడబడటాన్ని బట్టి ‘ఈ మనిషికి చురుకు లేదు’ అని తేల్చేసిన సందర్భాలు ఈ వేదికలో చాలామందికి అనుభవమే అయి ఉంటాయి. ఏ పేరు పెట్టాలో తెలియని అయిష్టానికి చాలా కార్యాలయాల్లో ఇంగితం లేదనే పేరు పెడుతున్నారు.

దీని మీద జరిగిన పరిశోధన కూడా ఉంది. ఉద్యోగంలో చేరాక మనిషి ఎలా పనిచేస్తాడన్నది ఎంపిక పద్ధతి ఎంతవరకు ముందుగా చెప్పగలదని 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తి సంబంధమని చెప్పే ఆ కొలతలో, అసలు పనిలోని ముక్కను చేయించి చూడటానికి 0.54, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే రీతిలో మార్కులు ఇచ్చే ముఖాముఖికి 0.51, నోటికి వచ్చిన ప్రశ్నలు వేసే ముఖాముఖికి 0.38 వచ్చాయి. ఎన్నేళ్లు చదివారన్నదానికి వచ్చినది 0.10 మాత్రమే. ఆ లెక్కలలో కొన్ని సవరణలు అతిగా చేశారని 2022లో సాకెట్, ఆయన సహచరులు తిరిగి గణిస్తే చాలా అంకెలు తగ్గాయి. కాని ఒకే ప్రశ్నలు వేసే ముఖాముఖి 0.42తో మొదటి స్థానానికి వచ్చింది, నోటికి వచ్చినట్టు అడిగేది 0.19కి పడిపోయింది. పని ముక్క చేయించడం 0.33 దగ్గర నిలిచింది. అన్నింటికన్నా మంచి పద్ధతి కూడా మనిషిని సగం కూడా చెప్పలేకపోతోందన్నది ఆ అంకెల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన విషయం.

కనుక నా సూచన ఇది. ప్రశ్నపత్రంలోనే బస్తా ఎన్ని కిలోలో, గోనె సంచి ఎంత ఉంటుందో, నిండు బరువంటే ఏమిటో, ఖాళీ బరువంటే ఏమిటో తెలుగులో స్పష్టంగా రాసి ఇవ్వండి. ఆ సమాచారమంతా చేతిలో ఉన్నప్పుడు, ఒక అంకె సరిగా లేదని గమనించి, ఉన్న సమాచారంతో దాన్ని సరిచూసుకుని, మిమ్మల్ని వచ్చి అడిగేది ఎవరన్నది అప్పుడు తెలుస్తుంది. ఆ అమ్మాయి అప్పుడు కూడా ముందే ఉంటుందని నాకు అనిపిస్తోంది. ఆమెతో పాటు ఇంకెవరైనా ఉన్నారేమో మీకు ఇంతవరకు తెలిసే అవకాశం రాలేదు.

నల్లమల (అచ్చంపేట)

నేను ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషిని కాబట్టి అటువైపు నుంచి రెండు మాటలు రాస్తాను. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలని చాలా ప్రకటనల్లో రాస్తారు. నాకు ఇంటర్‌లో అంతకు తక్కువ వచ్చాయి. ఆ ఒక్క కారణంగా, తర్వాత నేను ఏమి నేర్చుకున్నానో చూపించే అవకాశం లేకుండానే నా దరఖాస్తు ఆగిపోతోంది. మరోవైపు, డబ్బు కడితే అనుభవ పత్రం ఇప్పించి ఉద్యోగంలో కూర్చోబెడతామనే కన్సల్టెన్సీల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

పని చేయించి చూడాలన్నది వినడానికి న్యాయంగానే ఉంది. కాని దాని పేరుతో ఒక సంస్థ నా చేత వారి వెబ్‌సైటులో చెల్లింపుల పేజీ మొత్తం రాయించుకుంది. తర్వాత సమాధానం లేదు. కొన్నాళ్లకు చూస్తే ఆ పేజీ నేను రాసిన అక్షర దోషంతో సహా వారి వెబ్‌సైటులో ఉంది. పని చేయించి చూసేవారు దానికి ఎంతో కొంత డబ్బు ఇవ్వాలా, వద్దా? పెద్దలు దీని మీద స్పష్టంగా చెప్పాలని కోరుతున్నాను.

జోగులాంబ (గద్వాల)

తప్పకుండా ఇవ్వాలి. హైదరాబాదులో ఉద్యోగుల ఎంపిక విభాగంలో పనిచేసే మనిషిగా చెబుతున్నాను. అభ్యర్థి చేసిన పని సంస్థకు ఉపయోగపడేదైతే అది పరీక్ష కాదు, కూలి ఇవ్వని పని. సమాధానం ముందే తెలిసిన లెక్కను మాత్రమే పరీక్షగా ఇవ్వాలి. ఉదయసముద్రం గారు పాత చీటీలు ఇచ్చారు కాబట్టి ఆయన పద్ధతి సరైనదే.

60 శాతం నిబంధన ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. ఒక ప్రకటనకు వేల దరఖాస్తులు వచ్చినప్పుడు, వాటన్నింటినీ చదివే మనుషులు ఏ సంస్థలోనూ ఉండరు. మార్కులతో వడకడితే మంచివారు కొందరు పోతారని మాకూ తెలుసు; మిగిలినవారిలో సరిపడినంత మంది దొరికితే చాలునని సంస్థ సరిపెట్టుకుంటుంది. నల్లమల గారి వంటివారికి ఇది అన్యాయమే. కాని ముప్ఫై దరఖాస్తులు వచ్చే చిన్న కార్యాలయానికి అలా వడకట్టవలసిన అవసరమే లేదు, అయినా పెద్ద సంస్థలను చూసి చిన్నవారూ అదే గీత గీస్తున్నారు. ఆ గీత వెనుక ఉన్న కారణం తమ దగ్గర లేనప్పుడు గీత ఎందుకని వారు ఆలోచించాలి.

అనుభవ పత్రాల విషయంలో ఒక హెచ్చరిక చేస్తున్నాను. పీఎఫ్ ఖాతాకు, ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే యూఏఎన్ సంఖ్య వచ్చాక, ఎవరు ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో సరిచూడటం తేలికైంది. డబ్బు కట్టి తెచ్చుకున్న పత్రం చేరిన రోజున పట్టుబడకపోయినా, రెండేళ్ల తర్వాత ఇంకో సంస్థకు మారేటప్పుడు పట్టుబడుతుంది. అప్పుడు నిజంగా చేసిన రెండేళ్ల పనికి కూడా విలువ లేకుండా పోతుంది. నల్లమల గారూ, దయచేసి ఆ ఫోన్లకు సమాధానం ఇవ్వకండి.

డిండి వాగు (దేవరకొండ)

బోరు మోటార్ల వైండింగు, స్టార్టర్ల పని చేసే నాకు కూడా ఈ చర్చలో చెప్పవలసినది ఒకటి ఉంది. మన వైపు రైతులందరికీ ఆటో స్టార్టర్ తెలుసు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చి పోయే రోజుల్లో, చీకట్లో పాములకు భయపడుతూ బావి దాకా నడిచే బాధ తప్పించడానికి దాన్ని బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు అదే పరికరం చేటు తెచ్చింది. కరెంటు పోదు కాబట్టి మోటారు ఆగదు. మడి నిండి కాలువలోకి పారుతున్నా ఆగదు. భూగర్భ జలం అడుగంటుతుందని, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా చెప్పవలసి వచ్చింది.

పరికరం చెడిపోలేదు. దాన్ని ఏ పరిస్థితి కోసం బిగించారో ఆ పరిస్థితి మారింది. సాంకేతిక పనిలో ఉన్నవారికి ఉండవలసిన ఇంగితం ఇదేనని నేను అనుకుంటాను: ఇది ఇక్కడ ఎందుకు ఉంది, ఆ కారణం ఇప్పటికీ ఉందా అని అడగడం. ఇది పట్టాతో రాదు, పట్టా లేకపోవడం వల్ల కూడా రాదు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లల్లో బడి మానేసినవారూ ఉన్నారు, ఐటీఐ చదివినవారూ ఉన్నారు. మోటారు కాలిందని తెచ్చినప్పుడు వైర్లు చుట్టి పంపేవారు రెండు రకాల్లోనూ ఉన్నారు, ఎందుకు కాలిందని రైతును కూర్చోబెట్టి అడిగేవారూ రెండు రకాల్లోనూ ఉన్నారు. అడగకుండా చుట్టి పంపిన మోటారు నెల తిరగకుండానే మళ్లీ నా దగ్గరికే వస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక ఫేజు సరిగా రావడం లేదన్న సంగతి ఎవరూ చూడలేదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మనందరికీ తెలిసినదే. పోచంపల్లి చీరకు ఆసు పోసే (దారాన్ని మేకుల చుట్టూ తిప్పే) పనిలో తల్లి లక్ష్మి గారి భుజం పడే నొప్పి చూసి, ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పెద్ద చదువులు చదవలేదనే అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది, ఆయన ఆ పనిని పుట్టినప్పటి నుంచి ఇంట్లో చూశారన్నది. దారం ఏ మేకును ఏ క్రమంలో చుట్టి వస్తుందో, ఎక్కడ వదులైతే రంగు చెదురుతుందో చిన్ననాటి నుంచి తెలుసు. అదే ఆయన విద్యుత్ పని నేర్చుకోకపోయి ఉంటే, హైదరాబాదులో యంత్రాల మధ్య ఉద్యోగం చేసి ఉండకపోతే, ఆ తెలిసినది యంత్రంగా మారేది కాదు. పిల్లలమర్రి గారు చెప్పినది, మాస్టారు చెప్పినది నాకు రెండూ సబబుగానే కనిపిస్తున్నాయి.

ఉదయసముద్రం (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలమర్రి గారు రాసినది మా భాగస్వామికి చదివి వినిపించాను. మేము ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాము. పరీక్ష మళ్లీ పెట్టాలని, ముందు వచ్చిన అందరినీ పిలవాలని నిర్ణయించాము. ఈసారి ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. బస్తా, సంచి, తేమ, తరుగు వివరాలన్నీ మొదటి పేజీలోనే ఇస్తాము. పూటకు దారి ఖర్చులు, భోజనం కాక కొంత సొమ్ము ప్రతి ఒక్కరికీ ఇస్తాము, ఎంపికైనా కాకపోయినా. నల్లమల గారు కూడా దరఖాస్తు పంపవచ్చు; మేము ఇంటర్ మార్కులు అడగడం లేదు.

ఒక సందేహం మిగిలింది. అభ్యర్థి మమ్మల్ని వచ్చి ప్రశ్న అడగడాన్ని మేము మంచి లక్షణంగా చూస్తున్నాము. కాని మన పిల్లల్లో చాలామందికి పెద్దవారిని ఎదురు ప్రశ్న అడగకూడదనే అలవాటు బడి నుంచే ఉంది. మొహమాటంతో అడగనివారిని, అడగాలని తోచనివారిని ఎలా వేరుచేయాలి?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

పత్రం చివర ఒక ఖాళీ పేజీ పెట్టండి. ‘ఈ పని పూర్తి చేయడానికి మీకు ఇంకా ఏమేమి తెలియాలి, ఎవరిని అడగాలి’ అని దాని మీద అచ్చువేయించండి. నోరు విప్పడానికి బిడియపడేవారు రాయడానికి బిడియపడరు, పైగా అడగడం తప్పు కాదని మీరే ముందుగా చెప్పినట్టవుతుంది. మార్కులు వేసేటప్పుడు మీరు, మీ భాగస్వామి పేర్లు కనబడకుండా చేసి విడివిడిగా వేయండి. ఇద్దరూ వేసిన తర్వాతే కలిసి మాట్లాడుకోండి. ప్రోగ్రాం పొందికకు ఎన్ని, తప్పు చీటీని పట్టుకోవడానికి ఎన్ని, ప్రశ్నలకు ఎన్ని అన్నది పరీక్షకు ముందే రాసి పెట్టుకోవాలి. ఫలితం చూశాక నిర్ణయిస్తే ఎవరికి నచ్చిన మనిషికి అనుకూలంగా వారు సర్దుకుంటారు.

సంస్థానం మాస్టారు (వనపర్తి)

ఎంపికైనవారిని వెంటనే శాశ్వత ఉద్యోగంలోకి తీసుకోవడానికి మీ భాగస్వామి వెనుకాడితే, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏడాది అప్రెంటిస్‌గా చేర్చుకునే వీలు డిప్లొమా, పట్టభద్రులు ఇద్దరికీ ఉంది. కేంద్ర ప్రభుత్వ పథకంలో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోగలరు: డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరగలరు. ఆ అమ్మాయి చదువు కొనసాగించాలనుకుంటే ఆపకండి. ఆమె తిరిగి మీ దగ్గరికే రావాలంటే, ఆ ఏడాదిలో మీ దగ్గర నేర్చుకోదగ్గది ఉండాలి.

వాడపల్లి (మిర్యాలగూడ)

కొత్త ప్రశ్నపత్రానికి నేను ఒక జత చీటీలు ఇస్తాను. ఒకే లారీ నంబరు మీద పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఖాళీ బరువు తూకాలు ఉంటాయి, రెండింటికీ తేడా ఉంటుంది. డీజిల్ నింపుకుని వచ్చినా, డ్రైవరు దిగకుండా కాంటా ఎక్కించినా, మీద టార్పాలిన్ వానకు తడిసి ఉన్నా కొంత బరువు మారడం మామూలే. అంతకు మించి మారితే మామూలు కాదు. ఎంత తేడా దాటితే ప్రోగ్రాం కాంటా గుమాస్తాను ఆపి అడగాలన్నది మాత్రం మీరు పత్రంలో రాయకండి. డీజిల్ ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుందో, లీటరు ఎంత తూగుతుందో, తడిసిన టార్పాలిన్ ఎంత ఉంటుందో ఇవ్వండి. హద్దు ఎంతన్నది అభ్యర్థే పెట్టుకుని, అంతే ఎందుకు పెట్టారో రెండు వాక్యాల్లో రాయాలి. వానాకాలం వడ్లు వచ్చేలోగా పరీక్ష పెట్టగలిగితే, చేరినవారిని మా మిల్లు కాంటా దగ్గరికి పంపండి. రోజూ లారీలు బారులు తీరే సమయంలో గుమాస్తా పక్కన కూర్చోబెట్టుకుని చూపించే బాధ్యత నాది.